బందర్‌లో ఏముంది అంటారా?



సెలవులు వస్తే మన ఖాందాన్లు ఎటు పోతాయో చెప్పడానికి నజూమీ అక్కర్లేదు. మన్నత్ ఉంటే అజ్మీరో గుల్బర్గానో. చేతిలో నాలుగు పైసలుంటే దుబాయ్. కుర్రాళ్లయితే గోవా. ఏదీ కుదరకపోతే గండిపేట కట్ట మీద మిర్చీ బజ్జీ తిని, "సమందర్ చూసినట్టే ఉంది" అనుకుని మగ్రిబ్‌కు ఇల్లు చేరడం. మా శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఇళ్లలో చాలామంది పిల్లలకు సముద్రం అంటే ఉస్మాన్‌సాగరే. ఇందులో ఐబ్ ఏమీ లేదు. కానీ నాలుగు వందల ఏళ్ల కిందట మన హాజీలు జహాజ్ ఎక్కిన రేవు ఒకటి తెలుగు గడ్డ మీదే ఉంది. దాని పేరు కూడా చెప్పకుండా పిల్లల్ని పెంచుతున్నాం చూడండి, అది ఐబ్. నా షికాయత్ దాని గురించే.

ఆ రేవు మచిలీపట్నం. జనం నోట బందరు. పిల్లల్ని తీసుకుని బందరు పోతున్నామని చెబితే మా ఖాందాన్‌లో ఒక చాచా అన్నమాట ఇది: "బందర్ మే క్యా రక్కా మియాఁ, బందరాఁ?" బందర్‌లో ఏముంది, కోతులా అని. అందరూ నవ్వారు. మజాక్ బాగానే ఉంది. కానీ ఉర్దూ చదువుకున్న ఇంట్లో బందర్ అంటే కోతి ఒక్కటే గుర్తొచ్చిందంటే, ఫార్సీ బందర్ మన జబాన్ నుంచి జారిపోయిందన్నమాట. బందర్ అంటే రేవు. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ ఏ బందరో, కృష్ణా జిల్లా బందరూ ఆ బందరే. పాత ఫార్సీ రాతల్లో ఈ ఊరు మఛ్లీబందర్. విజయవాడలో బందరు రోడ్డు మీద రోజూ వేలమంది తిరుగుతారు. ఆ ఫార్సీ మాటను తెలుగువాళ్లు తమ మాటగా చేసుకుని ఇప్పటికీ పలుకుతున్నారు. మరిచిపోయింది మనమే.

ఊరు మాత్రం ఫార్సీ రాక కన్నా చాలా పాతది. గ్రీకు నావికులు దాదాపు రెండు వేల ఏళ్ల కిందట మసాలియా అని రాసుకున్నది ఈ తీరాన్నే. కాబట్టి "ఈ ఊరు మనదే, మనమే కట్టాం" అనే దావా నేను చెయ్యడం లేదు. నేను అడిగేది అంతకన్నా చిన్నది, అంతకన్నా న్యాయమైనది. ఈ ఊరి తారీఖ్‌లో మన హిస్సా ఎంతో అంత మన పిల్లలకు తెలియాలి.

మా శంకర్‌పల్లి పట్టాల మీదుగానే బీదర్–మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ పోతుంది. మేం లింగంపల్లి వెళ్లి ఎక్కాం. రైల్వేవాళ్లు ఏమనుకుని పెట్టారో కానీ ఆ రైలు పేరే ఒక తారీఖ్ పాఠం. బీదర్ బహమనీల రాజధాని. 15వ శతాబ్దం చివర్లో, మహమూద్ గవాన్ వజీరుగా ఉన్న రోజుల్లో, బహమనీ రాజ్యం తూర్పు సముద్రం దాకా పాకి మచిలీపట్నాన్ని అందుకుంది. ఆ తర్వాత అది గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. రోడ్డున పోయేవాళ్లకూ గవాహీ ఉంది. విజయవాడ బస్సు హయత్‌నగర్ దాటుతుంటే ఎడమో కుడో చూసి ఊరుకుంటాం. అక్కడి పాత మసీదు, దాని చుట్టూ సరాయి గదులు హయాత్ బక్షీ బేగమ్ కట్టించినవి. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే ముసాఫిర్లు రాత్రి దిగడానికి కట్టిన సరాయి అది. నమాజ్‌కు చోటు, పశువులకు నీళ్లు, మనుషులకు కప్పు. ఆ దారిన బస్సులో వందసార్లు పోయినవాళ్లు మనలో ఉన్నారు. ఒక్కసారి దిగి చూసినవాళ్లు ఎందరు?

గోల్కొండకు కోట ఉంది, వజ్రాలున్నాయి, సముద్రం లేదు. అందుకే దాని ఊపిరి మచిలీపట్నంలో ఆడింది. వజ్రాలు, తాన్ల కొద్దీ బట్ట, నీలిమందు, ఉక్కు ఇక్కడి నుంచి జహాజ్ ఎక్కేవి. ఇటు ఆచే, పెగూ, అరకాన్. అటు బందర్ అబ్బాస్, మోఖా. 16వ శతాబ్దం చివరి నుంచి సుల్తాను పంపే పెద్ద జహాజ్ ఎర్ర సముద్రానికి పోయేది. అందులో హాజీలు, సౌదాగర్ల సరుకు, మక్కా మదీనా గరీబులకు ఖైరాత్‌గా పంపే బియ్యం. మౌసమ్ గాలి తిరిగితే తప్ప తిరుగు ప్రయాణం లేదు. దారిలో పోర్చుగీసువాళ్లు. వాళ్ల పరవానా లేని జహాజ్‌ను పట్టుకుని దోచేవాళ్లు. వసియ్యత్ రాసి, అప్పులు తీర్చి, ఇంటివాళ్ల దగ్గర మాఫీ అడిగి బయల్దేరే సఫర్ అది. ఇవాళ శంషాబాద్‌లో విమానం ఎక్కి కొన్ని గంటల్లో జిద్దాలో దిగుతున్నాం, అల్‌హందులిల్లాహ్. కానీ హజ్‌కు ముందు జరిగే తర్బియత్ క్యాంపుల్లో సామాను ఎన్ని కిలోలో చెబుతారు, సిమ్ కార్డు ఎక్కడ కొనాలో చెబుతారు. మన ముందుతరాలు ఏ రేవు నుంచి పోయారో ఒక్క ముక్క చెప్పగా నేనైతే వినలేదు.

ఇక ఊళ్లో ఏం చూశాం? బందరు కోట ఊరికి కొంచెం ఎడంగా, సముద్రం వైపు ఉంది. కోట అన్నారు కదా అని గోల్కొండను మనసులో పెట్టుకుని పోతే మాయూసీ తప్పదు. మిగిలినవి కొన్ని పాత కట్టడాలు, దళసరి ఇటుక గోడలు, చుట్టూ సర్కారు తుమ్మ. డచ్చివాళ్ల ఖబ్రస్తాన్ వేరే చోట ఉంది. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద చెక్కిన ఖాందానీ ముద్రలు, పేర్లు, తారీఖులు. అంత శ్రద్ధగా చెక్కారు. సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా అనే అమ్మాయి సమాధి. ఆమెను ప్రేమించిన జాన్ పేటర్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి ఆ చర్చి కట్టించాడని చెప్పుకుంటారు. బందరు మీద వీడియో ఏది తెరిచినా ఈ వరసే వస్తుంది: డచ్చి కోట, డచ్చి సమాధులు, అరబెల్లా ఇష్క్, బందరు లడ్డూ, మంగినపూడి బీచ్. అయిపోయింది.

నా మొదటి షిక్వా ఇక్కడ. డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' జహాజ్ 1611లో లంగరు వేసింది. ఫ్రెంచివాళ్ల కోఠీ 1669లో. వీళ్లెవరూ ఖాళీ ఇసుక మీద దిగలేదు. అప్పటికే నడుస్తున్న బజారులో, గోల్కొండ హాకిముకు సలామ్ కొట్టి, ఫర్మానా అడుక్కుని దుకాణం తెరిచారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన సోనేరీ ఫర్మానా స్కూలు పుస్తకాల్లో కూడా ఉంది. ఏడాదికి 500 పగోడాలు కడితే గోల్కొండ రేవుల్లో తిజారత్ చేసుకోవచ్చు. అంటే ఇల్లు గలవాడు ఒకడు, కిరాయిదార్లు ముగ్గురు. ఇవాళ కిరాయిదార్ల పేర్లే తలుపు మీద ఉన్నాయి. 1759లో ఫోర్డ్ అనే ఇంగ్లీషు కర్నల్ ఫ్రెంచివాళ్ల నుంచి కోటను లాక్కున్నాక కిరాయిదారే మాలిక్ అయ్యాడు. తారీఖ్ రాసే కలం కూడా వాడి చేతికే పోయింది.

కానీ నింద మొత్తం వాళ్ల మీద వేసి చేతులు దులుపుకోవడం బేఇన్సాఫీ. డచ్చివాడు చనిపోయిన మనిషి పేరు రాయి మీద చెక్కాడు. మూట మూటకూ లెక్క రాసి భద్రంగా దాచాడు. అందుకే వాడు గుర్తున్నాడు. మనం ఏం దాచాం? తాతల నాటి సనదులు, ఇనాం కాగితాలు, నిఖానామాలు ట్రంకుపెట్టెల్లో చెదలు తింటున్నాయి. పిల్లలకు ఉర్దూ లిపి రాదు, పెద్దలకు చదివి వినిపించే ఓపిక లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తూకానికి రద్దీవాడికి పోతున్నాయి. తారీఖ్‌ను దుష్మన్లు చెరిపేశారని జల్సాల్లో చప్పట్లు కొట్టేవాళ్లం, మన ఇంటి తారీఖ్‌ను కిలోల లెక్కన మనమే అమ్ముతున్నాం.

ఈ మాట ఎత్తితే నాకు వచ్చే ఏతరాజ్‌లు మూడు. ఒక్కొక్కటీ తీసుకుంటాను.

మొదటిది: "ఖండహరాలు చూస్తే సవాబ్ వస్తుందా? పైసల ఇస్రాఫ్." భూమ్మీద తిరిగి, ముందు గడిచినవాళ్ల అంజామ్ ఏమైందో చూడమని ఖురాన్ ఎన్నోసార్లు చెబుతుంది. ఆ మాట బుర్జ్ ఖలీఫా ముందు సెల్ఫీ తీసుకునేవాళ్లకు గుర్తురాదు, బందరు అనగానే ఇస్రాఫ్ గుర్తొస్తుంది. ఒక దుబాయ్ ప్యాకేజీ ఖర్చుతో బస్తీలో సగం ఇళ్ల పిల్లలకు బందరు చూపించి తేవచ్చు.

రెండోది: "అది షియా బాద్‌షాల కథ, ఇరానీ సౌదాగర్ల కథ. మనకేం సంబంధం?" దీన్ని మస్లక్ తూకంలో వేసేవాళ్లకు ఒక్క మాట. ఆ జహాజ్‌లో బియ్యం కృష్ణా గోదావరి మధ్య రైతు పండించింది. తాన్లు ఈ తీరపు సాలె మగ్గం మీద పుట్టాయి. అప్పు ఇచ్చిన షావుకార్లలో కోమట్లు ఉన్నారు. పెద్ద జహాజ్ ఒడ్డుకు రాలేదు కాబట్టి సరుకునీ మనుషుల్నీ అలల మీద పడవల్లో చేర్చింది ఇక్కడి పల్లెకారులు. ఇందరి చెమట కలిస్తే ఒక హాజీ జిద్దా చేరాడు. మస్లక్ దాకా ఎందుకు, మజ్‌హబ్ గీత గీసినా ఈ కథ నడవదు.

అలాగని ఇది ఖసీదా కాదు. వాట్సాప్‌లో తిరిగే "మన బాద్‌షాల కాలంలో సోనే కీ బారిష్" మార్కు తారీఖ్ నాకు వద్దు. గోల్కొండలో హాకిమ్ పదవులు, పన్ను వసూళ్లు ఇజారాకు పోయేవి. ఎక్కువ పాడినవాడికి పదవి. వాడు ఆ సొమ్ము రైతు వీపు మీద రాబట్టేవాడు. మచిలీపట్నంలో కొన్నేళ్లున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఆ జుల్మ్ గురించి రాసి పెట్టాడు. కరువు కాలాల్లో ఈ కోరమాండల్ తీరంలో మనుషుల్ని డచ్చివాళ్లు గులాములుగా కొని జహాజ్‌లు ఎక్కించారు. ఇక మీర్ జుమ్లా. హైదరాబాద్ పాతబస్తీలో తలాబ్‌కట్ట వైపు ఆయన పేరు ఇంకా వినబడుతుంది. ఇరాన్ నుంచి చిన్న మనిషిగా వచ్చి, మచిలీపట్నం హాకిముగా చేసి, గోల్కొండకే వజీరయ్యాడు. సొంత జహాజ్‌లు నడిపాడు. చివరికి తనను పెంచిన గోల్కొండను వదిలి మొఘలుల వైపు పోయాడు. ఇదంతా పిల్లలకు చెప్పాలి. కామాలూ చెప్పాలి, ఖతాలూ చెప్పాలి. సగం చెప్పి సగం దాస్తే రేపు ఎవడో మిగతా సగం చెప్పి మన పిల్లల్ని సిగ్గుపడేలా చేస్తాడు.

మూడో ఏతరాజ్ నన్ను ఎక్కువ బాధపెట్టింది. "అక్కడి ముస్లింలకు ఉర్దూ సరిగ్గా రాదు భాయ్. వాళ్ల తహజీబ్ వేరు." హైదరాబాద్ చుట్టుపక్కల ఉండే మనకు ఈ గురూర్ చాలా ఉంది. కోస్తాలో నూర్‌బాషా కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడితే, తెలుగులో దుఆ అడిగితే, మనకు వాళ్లు అర మార్కు తక్కువ ముస్లింలు. రిష్తాల దగ్గర ఈ గురూర్ ఎలా పనిచేస్తుందో అందరికీ తెలుసు. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. "మియాఁ, తెలుగెందుకు?" అని ఇటువాళ్లు, "మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని అటువాళ్లు. పాతికేళ్లుగా ఇవే రెండు సవాళ్లు. రెండింటికీ జవాబు మా శంకర్‌పల్లి పక్కనే ఉంది. పటాన్‌చెరులో ఇబ్రహీం కుతుబ్‌షా సర్దారు అమీన్‌ఖాన్ ఉండేవాడు. పొన్నగంటి తెలగన అచ్చతెలుగులో యయాతి చరిత్ర రాసి అంకితం ఇచ్చింది ఆయనకే. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని సాక్షాత్తు ఇబ్రహీం కుతుబ్‌షాకు ఇచ్చాడు. తెలుగు కవులు ఆ బాద్‌షాను మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. తెలుగు వింటే, తెలుగుకు ఇనాం ఇస్తే వాళ్ల ఈమాన్‌కు ఏ నుక్సానూ రాలేదు. మనకే ఎందుకు వస్తుంది?

బందరు నుంచి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఊరికి కొద్ది దూరంలోనే కూచిపూడి. ఆ నాట్యం ఆడే భాగవతులకు ఆ ఊరిని జాగీరుగా రాసిచ్చింది అబుల్ హసన్ తానీషా అని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ మాట చెప్పుకునేది కూచిపూడివాళ్లు, మనం కాదు. మన ఎహసాన్‌ను వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. మనం మాత్రం వాళ్ల జబాన్‌ను పరాయి చేశాం.

పెడన కూడా దగ్గరే. అక్కడ ఒక పూట గడిపాం. కలంకారీ అంటే తెలుసుగా, ఖలమ్, కారీ. పేరు ఫార్సీది, చెయ్యి తెలుగుది. శ్రీకాళహస్తిలో ఖలంతో గీస్తారు, ఇక్కడ ఎక్కువగా టేకు అచ్చులతో అద్దుతారు. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టిన నీళ్లతో నలుపు. పటిక అద్ది రంగుచెక్కతో ఉడికిస్తే ఎరుపు. మధ్యమధ్య పారే నీళ్లలో ఉతుకు, ఎండ. ఒకప్పుడు ఇక్కడి బట్ట ఇరాన్ ఇళ్లలో పరదాలైంది, మిహ్రాబ్ నమూనాతో జానమాజ్ అయింది. ఒక హిందూ సాలె నేసిన గుడ్డ మీద ఎక్కడో ఇస్ఫహాన్‌లో ఒక మనిషి సజ్దా చేశాడు. దీన్ని మించిన గంగా జమునీ తఖ్రీర్ ఏ జల్సాలో వినగలం? ఇవాళ మర రంగుల స్క్రీన్ ప్రింట్ గుడ్డను కలంకారీ పేరుతో అమ్ముతుంటే, సగం ధరకు వస్తోందని మనం అదే కొంటున్నాం. షాదీలకు లక్షలు పోసే ఇళ్లలో అసలు కారీగర్ చేసిన జానమాజ్ ఒక్కటి ఉండదు.

ఆ ఊరి ఇంకో గాయం కూడా చెప్పకపోతే ఆ మట్టికి అన్యాయం. 1864 నవంబర్ 1 రాత్రి తుఫాను, ఉప్పెన. బందరులో, చుట్టుపక్కల పల్లెల్లో కలిపి దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కలోనే 10,000 ప్రాణాలు. ఆ రెండు రాత్రులూ సముద్రం ఎవరి మజ్‌హబ్ అడగలేదు. మన హైదరాబాద్ వైపు 1908 మూసీ తుగ్యానీని తాతలు చెబితే విన్నాం. అది మన దుఃఖం అయితే ఇది ఎవరి దుఃఖం? పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు బీచ్‌లో ఆడించే ముందు ఈ మాట చెప్పండి. సముద్రానికి అదబ్‌గా సలామ్ చెయ్యడం నేర్చుకుంటారు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, బందరుకు మళ్లీ రేవు వస్తోంది. ఒకటికి మించి శంకుస్థాపనలు చూసిన పోర్టు అది. 2023 మే 22న మరోసారి రాయి వేశారు. రేపు అది నడిచిననాడు తారీఖ్ బోర్డులు పెడతారు, బ్రోషర్లు అచ్చేస్తారు, మ్యూజియం మాట కూడా వస్తుంది. ఆ రోజు పిలిచి అడగలేదని అలగడం మన ఆదత్. అడగాల్సింది ఇప్పుడే. ఈ రేవు నుంచి గోల్కొండ కాలంలో హజ్ జహాజ్ పోయిందని, ఖైరాత్ బియ్యం పోయాయని, దాన్ని తెలుగు రైతు, సాలె, పల్లెకారు, షావుకారు, ముస్లిం సౌదాగర్ కలిసి నడిపారని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఒక్క బోర్డు. నేను అడిగే నిషానీ అంతే. మీనార్ అక్కర్లేదు, పేరు మార్పు అక్కర్లేదు, ఎవరి పేరూ చెరపక్కర్లేదు. డచ్చివాళ్ల పేరు పక్కనే మన పేరు.

దానికి అర్జీ రాసేవాళ్లు కావాలి. మసీదు కమిటీలు ఇఫ్తార్ దావతుల లిస్టు రాసే పెన్నుతోనే ఆ అర్జీ రాయవచ్చు. ఉర్దూ స్కూళ్ల ఉస్తాదులు ఏడాదికి ఒక్క బస్సు బందరుకు తిప్పవచ్చు, దారిలో హయత్‌నగర్ సరాయిలో దించి జొహర్ చదివించవచ్చు. ఇంట్లో ట్రంకుపెట్టె ఉన్నవాళ్లు ఈ ఆదివారం దాన్ని తెరిచి, రాత వచ్చిన బుజుర్గును కూచోబెట్టి, ఏ కాగితం ఏమిటో మనవడి చేత తెలుగులో రాయించండి, ఫోన్‌లో తస్వీర్ తీయించండి. హజ్ క్యాంపుల్లో మాట్లాడే మౌలానాలు ఐదు నిమిషాలు మఛ్లీబందర్‌కు ఇవ్వండి.

బందరు మన వైపు నుంచి 350 కిలోమీటర్లు ఉంటుందేమో. రాత్రి రైలెక్కితే తెల్లారి సముద్రం. వచ్చే సెలవులకు టికెట్లు తీయండి. బోర్డు కోసం అర్జీ మాత్రం సెలవుల దాకా ఆపకండి.